డెన్మార్క్ తలకిందుల ఫ్రేములు ఎందుకు ఏరుతున్నాను

అరుదైన స్టాంపు అనగానే చాలామందికి వేలంపాట గుర్తొస్తుంది. అద్దాల పెట్టెలో ఒక కాగితం ముక్క, మర్నాడు పేపర్లో కోట్ల లెక్క. నేను ఏరే పాత డెన్మార్క్ స్టాంపుల్లో వ్యవహారం వేరు. అక్కడ అరుదైన సరుకు, అంటే బొమ్మ చుట్టూ ఉండే ఫ్రేము తలకిందులుగా అచ్చయిన స్టాంపు, చాలావరకు చవక స్టాంపుల గుట్టల్లోనే కలిసిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి డబ్బు కంటే లెన్సు, ఓపిక ఎక్కువ కావాలి. "కంటికి ఆనని తేడా పట్టుకుని వేలాడటం ఏమిటండీ, అదంతా కేటలాగులవాళ్ళ వ్యాపారం" అని తోటి సేకర్తలే అంటూంటారు. నేను ఒప్పుకోను. స్టాంపుల సేకరణలో చదువు అనదగ్గది ఏదైనా ఉంటే అది ఈ తేడాల్లోనే ఉందని నా నమ్మకం. ఎందుకో వివరంగా చెప్తాను.

1875 జనవరి 1న డెన్మార్క్ పాత స్కిలింగ్ లెక్క వదిలేసి క్రోన్, ఓరెలకి మారింది. నూరు ఓరెలు ఒక క్రోన్. స్వీడన్‌తో కలిసి చేసుకున్న ద్రవ్య ఒప్పందం వల్ల వచ్చిన మార్పు ఇది. డబ్బు మారింది కాబట్టి తపాలావాళ్ళకి కొత్త స్టాంపులు కావలసొచ్చాయి. డిజైను మాత్రం కొత్తగా గీయించలేదు. 1870లో స్కిలింగ్ విలువలతో మొదలైన రెండు రంగుల డిజైన్నే ఓరెలకి సర్దారు. మధ్యలో అండాకారం, అందులో కిరీటం, అంకె. ఇదంతా ఒక రంగు. చుట్టూ మూలల్లో అలంకారంతో ఒక ఫ్రేము. అది ఇంకో రంగు. 4 ఓరెలదానికి బూడిద రంగు ఫ్రేములో నీలం, 8 ఓరెలదానికి బూడిద ఫ్రేములో ఎరుపు, 20 ఓరెలదానికి ఎరుపు ఫ్రేములో బూడిద, 100 ఓరెలదానికి బూడిద ఫ్రేములో నారింజ. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా డెన్మార్క్ ఉత్తరాల మీద ఎక్కువగా కనిపించినవి ఇవే. దేశం లోపల మామూలు ఉత్తరానికి 8 ఓరెలు, అందుకే ఆ స్టాంపు అంత విరివిగా అచ్చయింది. ఈ రోజుకీ చాయ్ ఖర్చుతో కొనుక్కోవచ్చు.

రెండు రంగులు కాబట్టి కాగితం రెండుసార్లు అచ్చుయంత్రం కిందికి వెళ్ళాలి. ఒకసారి ఫ్రేము, ఒకసారి అండాకారం. కోపెన్‌హాగన్‌లో థీలె అచ్చుకూటంలో ఈ పని జరిగింది. షీటుకి నూరు స్టాంపులు. అంటే ఫ్రేము కోసం నూరు చిన్న లోహపు క్లిషేలు (అచ్చుదిమ్మెలు) వరసగా కూర్చాలి. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. అండాకారంలో అంకె ఉంది, కిరీటం ఉంది, కాబట్టి తల ఎటో తోక ఎటో తెలుస్తుంది. ఫ్రేములో అక్షరం ముక్క లేదు. ఎటునుంచి చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. పనివాడు క్లిషేని అటుదిటు పెట్టినా అతనికి తెలియదు, పక్కవాడికీ తెలియదు, తపాలా కౌంటర్లో అమ్మేవాడికి అసలే తెలియదు. అలా లక్షల ఉత్తరాల మీద తలకిందుల ఫ్రేములు ఊళ్ళు తిరిగాయి, ఎవరూ గమనించలేదు.

"దాదాపు" అన్నాను చూశారా, మా పని అంతా ఆ మాటలోనే ఉంది. ఫ్రేము పూర్తిగా సౌష్ఠవంగా లేదు. మూలల్లో ఉన్న అలంకారపు వంపులో చిన్న తేడా ఉంది. దాన్ని గుర్తుపట్టే సులువు పద్ధతి ఒకటి చెప్తాను, కేటలాగులో బొమ్మ చూసి తికమక పడేకంటే ఇది నయం. సరైన ఫ్రేము అని తెలిసిన స్టాంపు ఒకటి తీసుకోండి. పది రెట్ల లెన్సులో పై ఎడమ మూల చూడండి, తీగ ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో గమనించండి. ఇప్పుడు అదే స్టాంపుని ట్వీజర్స్‌తో తలకిందులుగా తిప్పి మళ్ళీ పై ఎడమ మూల చూడండి. ఇప్పుడు మీకు కనపడుతున్నది అసలు కింది కుడి మూల. తలకిందుల ఫ్రేమున్న స్టాంపుని నిటారుగా పెడితే ఆ మూల సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఈ రెండు రూపాలూ ఒకసారి కంట్లో పడ్డాయంటే ఇక కేటలాగు అక్కర్లేదు. తపాలా ముద్ర ఆ మూల మీద దట్టంగా పడితే మాత్రం కొంచెం కష్టం. అప్పుడు మిగతా మూలలతో తేల్చుకోవాలి.

ఇప్పుడు ఆక్షేపణ సంగతి. "అచ్చువాడికే తెలియని తప్పు, కొన్నవాడికి తెలియని తప్పు, లెన్సు లేకపోతే కనపడని తప్పు. దీన్ని ఏమని సేకరిస్తాం?" అంటారు. పక్కన మన 1854 నాటి నాలుగణాల స్టాంపుని పెట్టి చూపిస్తారు. ఎర్రటి ఫ్రేములో నీలం రంగు విక్టోరియా రాణి తల తలకిందులుగా పడ్డ కొద్దిపాటి కాపీలు ప్రపంచ ప్రసిద్ధం. 1918లో అమెరికాలో విమానం తలకిందులైన 24 సెంట్ల స్టాంపు నూరు కాపీల షీటు ఒక్కటే జనం చేతికి వచ్చింది. "అదీ పొరపాటంటే! చిన్న పిల్లాడికి చూపించినా నవ్వుతాడు" అని వాళ్ళ వాదన.

సరే, అవి గొప్పవే. నేను కాదనను. కానీ వాటి నుంచి మనం నేర్చుకునేది ఎంత? ఒక కాగితం యంత్రంలో తిరగబడి దూరింది, అంతే. డెన్మార్క్ ఫ్రేములు అలా కాదు. షీటులో నూరు స్థానాలు ఉంటే, ఒక్క క్లిషే మాత్రం తిరగబడి ఉంటే, ఆ ప్లేటు మీద అచ్చయినవాటిలో నూటికి ఒకటి తలకిందులు. పది తిరగబడితే నూటికి పది. ప్లేటు విప్పి శుభ్రం చేసి మళ్ళీ కూర్చితే లెక్క మళ్ళీ మారుతుంది. కాబట్టి ఫలానా విలువలో, ఫలానా రంగు ఛాయలో, ఫలానా పెర్ఫొరేషన్‌లో (అంచు చిల్లుల కొలతలో) తలకిందులవి ఎన్ని అని లెక్క కడితే, నూట నలభై ఏళ్ళ కిందట అచ్చుకూటంలో ఆ బల్ల మీద ఏం జరిగిందో మనకి కొంత తెలుస్తుంది. సరైన ఫ్రేము, తలకిందుల ఫ్రేము పక్కపక్కనే విడదీయకుండా ఉన్న జత దొరికిందంటే అది సాక్ష్యంతో సమానం. ఆ అచ్చుపనివాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళ చేతిపని ఆనవాలు మాత్రం ఈ మూలల్లో ఉంది. దీన్ని వ్యాపారం అని కొట్టిపారేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి వింటే ఆక్షేపించేవాళ్ళు కూడా ఆగి ఆలోచిస్తారు. డెన్మార్క్‌కి అప్పట్లో కరీబియన్‌లో మూడు దీవులుండేవి, డేనిష్ వెస్టిండీస్. 1917లో అమెరికాకి రెండున్నర కోట్ల డాలర్లకి అమ్మేశారు. ఆ దీవుల స్టాంపులకి కూడా ఇదే రెండు రంగుల పద్ధతి, ఇదే రకం ఫ్రేము. 1890ల చివర్లో వచ్చిన అక్కడి 1 సెంటు, 3 సెంట్ల స్టాంపుల్లో తలకిందుల ఫ్రేమే మామూలు సరుకు. కేటలాగులో ప్రధాన నంబరు దానికే ఉంటుంది. సరైన ఫ్రేము ఉన్నదే అరుదు, ధర దానికే అనేక రెట్లు! "తప్పు అంటే అరుదు, ఒప్పు అంటే మామూలు" అనే లెక్క ఇక్కడ పనిచెయ్యదు. ఏది ఎక్కువ అచ్చయింది, ఏది తక్కువ అచ్చయింది అన్నదొక్కటే నిలుస్తుంది. దాన్ని ఎవరో కూర్చుని లెక్కపెట్టారు కాబట్టే మనకి తెలిసింది. తప్పుల మోజుతో ఏరేవాడు ఆ 1 సెంటు స్టాంపు సరైన ఫ్రేముతో ఎదురుగా ఉన్నా దాటుకుని వెళ్ళిపోతాడు.

పెర్ఫొరేషన్ గురించి రెండు ముక్కలు. ఓరె స్టాంపుల్లో మొదటివి 14 × 13½, 1895 నుంచి వచ్చినవి 12¾. ఈ తర్వాతివాటికి అంచు పళ్ళు కొంచెం లావుగా ఉంటాయి కాబట్టి అలవాటైతే స్కేలు లేకుండానే తెలిసిపోతుంది. కొన్న స్టాంపుల కుప్ప రాగానే నేను ముందు ఈ రెండు కుప్పలుగా విడదీస్తాను, తర్వాతే ఫ్రేముల జోలికి పోతాను.

రెండు రంగులవాటి కంటే ముందుకి వెళ్తే డెన్మార్క్ మొట్టమొదటి స్టాంపు. 1851 ఏప్రిల్ 1న వచ్చిన 4 రిగ్స్‌బ్యాంక్ స్కిలింగ్, గోధుమ రంగుది. నెల తర్వాత నీలం రంగు 2 రిగ్స్‌బ్యాంక్ స్కిలింగ్ వచ్చింది. నాలుగుది దేశమంతా తిరిగే ఉత్తరాలకి, రెండుది కోపెన్‌హాగన్ ఊళ్ళో ఉత్తరాలకి. ఊరు దాటని ఉత్తరాలు తక్కువ కాబట్టి నీలం స్టాంపు ఖరీదు ఎక్కడో ఉంటుంది. దాని గురించి ఎక్కువ చెప్పను, అది డబ్బున్నవాళ్ళ ఆట. నాకు ముద్దొచ్చేది గోధుమ రంగుదే.

ఇది చిన్న చతురస్రం. పెర్ఫొరేషన్ లేదు, కత్తెరతో కత్తిరించి అంటించేవాళ్ళు. నాలుగు వైపులా ముప్పావు మిల్లీమీటరు అంచు మిగిలితే నిండు అంచులున్నట్టు లెక్క. దొంగ స్టాంపులు రాకుండా కాగితం మీద ముందు లేత పసుపు గోధుమ రంగులో అలల గీతలు వేసి, వాటిమీద అసలు డిజైను అచ్చువేశారు. చెక్కినాయన పేరు మార్టినస్ విలియం ఫెర్స్లెవ్. మొదటి అచ్చులో ఆ గీతల్ని రాగిపలక మీంచి తీశారు. అందుకే గీతలు స్పష్టంగా, కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. 1852లో ఫెర్స్లెవ్ చనిపోయాడు. పని థీలె చేతికి వెళ్ళింది. తర్వాతి అచ్చుల్లో గీతలు మామూలు అచ్చు పద్ధతిలో పడ్డాయి, వెలిసినట్టుగా, కాగితానికి సమంగా ఉంటాయి. దీపం పక్కనుంచి వాలుగా పడేలా పెట్టి ఈ రెండిటినీ పక్కపక్కన చూడండి. ఒకదాని మీద గీతల నీడ కనపడుతుంది, ఇంకోదాని మీద కనపడదు. ఒక మనిషి చేతి నుంచి ఇంకో మనిషి చేతికి పని మారిన సంగతి ఆ నీడలో కనిపిస్తుంది. ఆల్బమ్‌లో మాత్రం రెండిటికీ కలిపి ఒకే గడి ఉంటుంది! అచ్చయిన ఆల్బమ్ గడుల ప్రకారం ఏరేవాళ్ళతో నా పేచీ ఇదే. గడి నిండిందని సంతోషించి, స్టాంపుని చూడటం మానేస్తారు.

తెలిసి కొనాల్సిన సంగతి ఇంకొకటి. నీలం రంగు 2 రిగ్స్‌బ్యాంక్ స్కిలింగ్‌కి 1885లో, 1901లో మళ్ళీ అచ్చులు తీశారు. అవి మందమైన కాగితం మీద, వాటర్‌మార్క్ (కాగితంలోనే దాగి ఉండే గుర్తు) లేకుండా ఉంటాయి. అసలువాటికి చిన్న కిరీటం వాటర్‌మార్క్ ఉంటుంది. నల్లని పళ్ళెంలో స్టాంపు బోర్లా పెట్టి వాటర్‌మార్క్ ఫ్లూయిడ్ రెండు చుక్కలు వేస్తే కిరీటం నల్లగా తేలుతుంది, తేలకపోతే దండం పెట్టి తిరిగి పంపెయ్యాలి. ఈ రకం స్టాంపు నిపుణుల సర్టిఫికెట్ లేకుండా కొనొద్దని ఎవరడిగినా చెప్తాను. చవక స్టాంపుల్లో అరుదు వెతకడం మంచిదనడానికి ఇదీ ఒక కారణం. ఎనిమిది ఓరెల స్టాంపుకి దొంగ అచ్చు వేసే ఖర్చు ఎవరూ పెట్టుకోరు.

తపాలా ముద్రల సంగతి వేరే లోకం. 1852 నుంచి డెన్మార్క్‌లో ఊరికో నంబరు ముద్ర ఇచ్చారు, వలయాల మధ్య అంకె. 1 అంటే కోపెన్‌హాగన్. 2 అంటే ఏ డెన్మార్క్ పట్నమో కాదు, హాంబర్గ్! జర్మన్ ఊరు, కానీ అక్కడ డేనిష్ పోస్టాఫీసు ఉండేది. 1864 యుద్ధంలో దక్షిణాన ఉన్న ష్లెస్విగ్, హోల్‌స్టయిన్ ప్రాంతాలు డెన్మార్క్ చేజారాక అక్కడి ఊళ్ళ నంబర్లు డెన్మార్క్ స్టాంపుల మీద పడటం ఆగిపోయింది. దేశం సరిహద్దు ఎక్కడ కుదించుకుపోయిందో ముద్రలు పేర్చుకుంటే తెలుస్తుంది. అటు డెన్మార్క్ ఏలుబడిలోనే ఉన్న ఐస్‌లాండ్‌లో 1873 వరకు సొంత స్టాంపులు లేవు. 1870 నుంచి ఆ మూడేళ్ళూ డెన్మార్క్ స్కిలింగ్ స్టాంపులే వాడారు. అక్కడి రేక్యావిక్ నంబరు 236. మామూలు 4 స్కిలింగ్ స్టాంపు మీద ఆ అంకె పడిందంటే దాని కథే మారిపోతుంది.

మన దేశంలో వాడిన డెన్మార్క్ స్టాంపు ఉందా అని కొత్తవాళ్ళు అడుగుతూంటారు. తమిళ తీరంలోని తరంగంబాడి 1620 నుంచి డేనిష్‌వాళ్ళ చేతిలో ఉంది కదా అని వాళ్ళ ఆశ. లేదు. తరంగంబాడి, బెంగాల్లోని సీరాంపూర్ రెండిటినీ 1845లోనే ఇంగ్లీషువాళ్ళకి అమ్మేశారు, డెన్మార్క్ మొదటి స్టాంపు రావడానికి ఆరేళ్ళ ముందు. ఎవరైనా అలాంటి కవరు అమ్మజూపితే తలుపు వేసెయ్యండి. అయినా తెలుగువాళ్ళకి డెన్మార్క్‌తో ఒక అచ్చుబంధం లేకపోలేదు. డేనిష్ రాజు అండతో తరంగంబాడిలో నడిచిన మిషన్‌కి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసుకి చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1740ల్లో జర్మనీలోని హాలెలో ఆయన అచ్చువేయించినవే తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు. ఇది స్టాంపుల విషయం కాదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

మళ్ళీ విషయానికి వస్తాను. కవరు మీద ఉన్న స్టాంపు, విడి స్టాంపు అన్న వాదనలో నేను కవరు పక్షం. 1919లో డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవుల సంగతి చూడండి. ఆ ఏడు జనవరి 1న ఉత్తరం రేటు 5 నుంచి 7 ఓరెలకి పెరిగింది. అక్కడి టోర్స్‌హావ్న్ పోస్టాఫీసులో తగిన చిన్న విలువ స్టాంపులు అయిపోయాయి. కొత్తవి ఓడలో రావాలి. అంతదాకా 4 ఓరెల స్టాంపుని ఐమూలగా రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కని 2 ఓరెలుగా వాడమన్నారు. ఆ జనవరిలోనే, అక్కడే. ఆ సగం ముక్క కవరు మీద ముద్రతో ఉంటే అపురూపం. విడిగా తీస్తే చిత్తు కాగితం, కత్తెర ఉన్న ఎవరైనా చేసెయ్యగలరు. ఇలాంటివి తెలియక పాత కవర్లని నీళ్ళల్లో నానబెట్టి స్టాంపులు ఊడదీసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి నానబెట్టకండి.

మింట్ స్టాంపుల, అంటే వాడనివాటి మోజు గురించి కూడా మొహమాటం లేకుండా చెప్తాను. వెనక గమ్ చెడకుండా, హింజ్ (ఆల్బమ్‌లో అంటించే చిన్న కాగితం) మచ్చ లేకుండా ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువ పెడతారు. హైదరాబాదు వర్షాకాలం, విశాఖ, కాకినాడ ఉప్పుగాలి తెలిసినవాళ్ళు ఆ పని చెయ్యకూడదు. ఇక్కడి తేమకి గమ్ పేజీకి అతుక్కుంటుంది, అంచుల్లో తుప్పు రంగు మచ్చలు వస్తాయి, ప్రతి జులైలో టెన్షన్. పాతకాలపు గమ్ అని నమ్మి కొన్నది కొత్తగా పూసిందయ్యే ప్రమాదం ఇంకొకటి. వాడిన స్టాంపుకి ఈ బెడద లేదు. పైగా ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. తేదీ ఉంటేనే కదా ఫలానా అచ్చు ఎప్పుడు బయటికొచ్చిందో లెక్క తేలేది? మింట్ స్టాంపు ఆ విషయం చెప్పలేదు. పరిశోధనకి పనికొచ్చేది తక్కువ ధరకి దొరుకుతూంటే, ఎక్కువ ధర పెట్టి మౌనంగా ఉండేదాన్ని కొనడం నాకు అర్థం కాదు.

డెన్మార్క్‌లో ఇప్పుడు పరిస్థితి ఏమిటో మీరు వార్తల్లో చూసే ఉంటారు. 1624లో నాలుగో క్రిస్టియన్ రాజు మొదలుపెట్టిన తపాలా వ్యవస్థ, 2025 డిసెంబర్ 30న చివరి ఉత్తరం బట్వాడా చేసి ఆ పని ఆపేసింది. 2000 సంవత్సరంలో 140 కోట్ల ఉత్తరాలు, 2024కి 11 కోట్లు. ఎర్ర తపాలా పెట్టెలు వీధుల్లోంచి తీసేశారు. ఉత్తరాలు ఇక ఓ ప్రైవేటు సంస్థ చేతిలో ఉన్నాయి. "ఇక డెన్మార్క్ స్టాంపుల ధరలు పెరుగుతాయి, కొని పెట్టుకోండి" అని కొందరు ఊదరగొడుతున్నారు. నాకు ఆ ఆలోచనే నచ్చదు. ఉత్తరం రాసే అలవాటు పోయిన దేశంలో స్టాంపులు ఏరే పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారు? పాత తరం సేకర్తల ఆల్బమ్‌లు ఒక్కొక్కటే వేలానికి వస్తున్నాయి. ఖరీదైన నాలుగు స్టాంపులు పీకి, మిగతా రెండు రంగులవన్నీ కవర్లో పోసి "మిశ్రమం, చూడలేదు" అని రాసి అమ్మేస్తున్నారు. ఎవరో ముప్పై ఏళ్ళు కూర్చుని పెన్సిల్‌తో పేజీ అంచున రాసుకున్న ప్లేటు స్థానాలు, అచ్చు తేదీలు ఆ పేజీలతో పాటు చెత్తలోకి పోతున్నాయి. స్టాంపులకి వచ్చిన ముప్పేమీ లేదు, అవి ఎక్కడో ఒకచోట ఉంటాయి. పోయేది వాటిని గుర్తుపట్టే జ్ఞానం. ఒకసారి విడదీసి పెట్టినవాటిని కలిపేస్తే, ఆ కుప్పని మళ్ళీ విడదీయాలంటే మళ్ళీ ఒక మనిషి జీవితకాలం కావాలి.

అందుకే నేను మిశ్రమాలు కొంటాను. కొన్నవాటిలో తలకిందుల ఫ్రేము దొరికితే, పేజీ మీద స్టాంపు కింద విలువ, పెర్ఫొరేషన్, ముద్రలో కనపడే ఊరు, తేదీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెడతాను. దొరకనివి కూడా పారెయ్యను, సరైన ఫ్రేములు ఎన్ని ఉన్నాయో తెలియకపోతే తలకిందులవి ఎంత అరుదో ఎలా తెలుస్తుంది? ధర రాయను. నా తర్వాత ఈ పెట్టె ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేకుండా ఉండాలని నా పట్టుదల. నైజాం కాలం హైదరాబాదు స్టాంపులు ఏరే మిత్రులు కొందరు తమ పేజీలకి ఇదే పద్ధతి మొదలుపెట్టారు. ఆ స్టాంపుల్లోనూ ఇలా కూర్చుని చూడాల్సింది బోలెడు ఉంది.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు 4 ఓరెలు, 8 ఓరెలతో మొదలుపెట్టండి. రెండూ విరివిగా దొరుకుతాయి, చవక, ముద్రలు బావుంటాయి. పది రెట్ల లెన్సు, మొనలు మొద్దుగా ఉన్న ట్వీజర్స్, పెర్ఫొరేషన్ స్కేలు, ఒక స్టాక్‌బుక్ చాలు. వాటర్‌మార్క్ ఫ్లూయిడ్ తర్వాత కొనుక్కోవచ్చు. ఆఫా గానీ ఫాసిట్ గానీ పాత సంవత్సరం కేటలాగు సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి, మనకి కావలసింది అందులోని బొమ్మలు, వివరాలే. ధరలు పాతబడితే మనకేం నష్టం? ఇంట్లో అటక మీద తాతగారి ఆల్బమ్ ఉండి అందులో డెన్మార్క్ పేజీ ఒకటి ఉంటే, అమ్మేసే ముందు ప్రతి రెండు రంగుల స్టాంపుకీ పై ఎడమ మూల ఒకసారి చూడండి. అనుమానం ఉంటే ఆ మూల దగ్గరగా ఫొటో తీసి నాకు పంపండి, చూసి చెప్తాను.